ఇంజన్‌కు ముగ్గు పెట్టిన మంగళవారం

మా మామగారు పెట్టిన షరతు ఒక్కటే. మంగళవారం నాడు రాహుకాలం దాటేలోగా మా హెడ్మాస్టరు గారు వచ్చి పెళ్ళి జరిపిస్తే ఆయనకు అభ్యంతరం లేదు. రాకపోతే, రాహుకాలం పోయిన మరుక్షణం ఆయన పురోహితుడు పీటల ముందు కూర్చుంటాడు.

"మీ పట్టు మీది, నా పట్టు నాది అల్లుడూ. పందిట్లో జనాన్ని పెట్టుకోని చీకటి పడిందాకా మీకోసం చూస్తా కూర్చోలేను," అన్నాడు.

పెళ్ళికూతురు నా భార్యకు చెల్లెలు. గూడూరు అవతలి కోట అనే ఊరికి తూర్పున, సముద్రం హోరు వినబడే పల్లె వాళ్లది. అరవైల తొలినాళ్లు. ఆ పిల్ల కోరింది పెద్దదేమీ కాదు. తన పెళ్ళిలో తనకు అర్థమయ్యే నాలుగు మాటలు తన నోటితో తాను అనాలి, అంతే. తను తలవంచుకుని కూర్చుంటే ఎవరో తనకు తెలియని భాషలో తన తరఫున ఒప్పుకోవడం ఆమెకు ఇష్టం లేదు. ప్రమాణం తనే రాసుకుంది. సరుగుడు తోపుల్లో తిరుగుతూ బట్టీ పట్టింది. నేను ఆ రోజుల్లో నెల్లూరులో పాఠాలు చెప్పుకుంటూ, సాయంత్రాలు సంస్కరణ సభల్లో గొంతు చించుకుంటూ, మిగిలిన వేళల్లో పత్రికలకు నిప్పులు కక్కే వ్యాసాలు పంపుతూ ఉండేవాణ్ణి. అందుకని "బావా, ఇది నీ పూచీ," అని భారమంతా నా మీద వేసింది.

మంగళవారం, అందులోనూ మూడింటి నుంచి నాలుగున్నర దాకా ఉండే రాహుకాలం అన్నది మా సంస్కరణ సంఘం పట్టుదల. రెండు చెడ్డలనూ ఒకచోట చేర్చి వాటి ఎదుటే దండలు మార్పించాలి. ఆ జంట తర్వాత హాయిగా కాపురం చేస్తుంటే చూసి ఊరు పంచాంగాన్ని అటకెక్కిస్తుందని మా ఆశ. పురోహితుడూ తక్కువవాడు కాదు. మంగళవారమైనా గోధూళి వేళకు దోషం అంటదని చెప్పి, సాయంత్రానికి ఒక లగ్నం పుట్టించి సిద్ధంగా ఉంచాడు.

హెడ్మాస్టరు గారు మా సంఘానికి పెద్ద. ఉద్యోగం విరమించి చాలాకాలమైనా, వేదిక ఎక్కితే అప్పటికీ ఊరంతటినీ తరగతిగదిలా నిశ్శబ్దం చేయగలిగేవారు. ఒకసారి జట్కా తిరగబడి తుంటి విరిగినప్పటి నుంచి బస్సులో చెక్కబల్ల మీద కూర్చోలేరు. టాక్సీ మాట్లాడబోతే, రాహుకాలంలో జరిగే పెళ్ళికి తన బండి రాదని ఆ డ్రైవరు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఇక మిగిలింది మా కారు.

మా కారు యుద్ధానికి ముందు విలాయతులో పుట్టి, ఓడలో మద్రాసు దిగి, చేతులు మారి మారి, చివరికి ఒక వకీలు మిత్రుడి పెరట్లో కోళ్లకు ఇల్లయింది. "తీసుకుపోవయ్యా, కోళ్లకు వేరే ఏర్పాటు చేస్తా," అని ఆయన దాన్ని నాకు ఇచ్చేశాడు. ఇంజన్ మొత్తం విప్పి, కడిగి, అరిగినవి మార్చి, మళ్లీ కూర్చి దానికి ప్రాణం పోసినవాడు మా వీధి చివర షెడ్డు పెట్టుకున్న మెకానిక్కు సాయిబు. మనిషి సన్నం, గొప్పలు మాత్రం లావు. తను బిగించిన నట్టును తను తప్ప ఇంకెవరూ విప్పలేరని చెప్పుకునేవాడు. నేను ఆయన్ను భాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను సార్ అనేవాడు. ఆ మర్యాద చాటున ఇద్దరం రోజంతా పోట్లాడుకునేవాళ్లం.

తిరిగి కూర్చిన ఇంజన్ తొలిసారి అందుకున్న రోజు నేను నిజంగానే గంతేశాను. కుట్టుమిషను చప్పుడంత మెత్తగా తిరిగింది. కింద పరిచిన పాత పత్రిక మీద చుక్క ఆయిల్ పడలేదు. టెంకాయ కొట్టాలనీ, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాలనీ వీధి వీధంతా వచ్చి నిలబడింది. భాయ్ తన వంతుగా ఊదు పొగ సిద్ధం చేశాడు. నేను అన్నీ వద్దన్నాను. అంతటితో ఊరుకోక, నిమ్మకాయకూ పిస్టన్‌కూ ఏమిటి సంబంధమని బానెట్ మీద చెయ్యి వేసి ఉపన్యాసం అందుకున్నాను. ఆ నిమ్మకాయలు ఇంటికి తీసుకుపోయి మజ్జిగలో పిండుకోండని ముగించాను. చప్పట్లు పడలేదు.

మరుసటి రోజు పొద్దున హెడ్మాస్టరు గారు రిక్షాలో మా ఇంటికి వచ్చారు. కర్ర ఊతంతో కారు చుట్టూ తిరిగారు, బానెట్ ఎత్తించి చూశారు. నేను లోపలికి వెళ్లి కాఫీ తెచ్చేసరికి వెనక సీట్లో కూర్చుని మెత్తదనం పరీక్షిస్తున్నారు. బాగుందన్నారు. ఆ సాయంత్రం భాయ్, నేనూ కారును ఊరి చుట్టూ తిప్పి తెచ్చి ఇంటిముందు నిలిపితే, దాని కింద నల్లటి మడుగు కట్టింది.

"చూసినారా? టెంకాయ కొట్టలా. అందుకే ఇంజను ఏడస్తా ఉంది," అంది ఎదురింటి పెద్దమ్మ, వీధి మొత్తానికీ వినబడేటట్టు.

నాకు ఒళ్లు మండింది. అయితే నిజం చెప్పొద్దూ, లోపల ఎక్కడో ఉత్సాహం కూడా పొంగింది. ఇన్నాళ్లూ దయ్యాలతోనూ జాతకాలతోనూ వాదించాను. అవి ఎన్నడూ ఎదుటపడి నిలబడవు. ఇది వచ్చి నా గుమ్మం ముందే కారుతోంది. వేలితో ముట్టుకోవచ్చు, వాసన చూడవచ్చు. ఇంతకన్నా మంచి ప్రత్యర్థి నాకు మళ్లీ దొరకడు.

ఆయిల్ లీకులో ఒక తిరకాసు ఉంది. కింద చుక్క రాలిన చోటికీ, పైన బయటపడిన చోటికీ పొత్తు ఉండదు. బయటికొచ్చిన ఆయిల్ ఇంజన్ ఒళ్లంతా పాకుతుంది. ముందున్న ఫ్యాన్ గాలికి వెనక్కి కొట్టుకుపోతుంది. ఎక్కడో పుట్టి, ఎక్కడో తేలి, అమాయకంగా ఇంకెక్కడో రాలుతుంది. పుకార్లూ అంతే కదా అనుకుని నన్ను నేనే మెచ్చుకున్నాను.

"సంపు ప్యాకింగే సార్, సందేహమే లేదు," అన్నాడు భాయ్. ఇంజన్ అడుగున ఆయిల్ నిలవుండే తొట్టి సంపు. దానికీ ఇంజన్‌కూ మధ్య బెండు ప్యాకింగ్ ఉంటుంది. విప్పి కొత్తది వేశాడు. అడుగు ఆరింది. పక్క మూత నుంచి కారడం మొదలైంది.

"అది పాత లీకు కాదు సార్, కొత్తది," అన్నాడు భాయ్, కొడుకు పుట్టాడని చెప్పేటంత గర్వంగా.

పక్క మూత ప్యాకింగ్ మార్చాడు. ఇంజన్‌కు పెట్రోలు తోడే పంపు అతుకు దగ్గర బయలుదేరింది. అక్కడ మూస్తే మళ్లీ సంపు దగ్గరికే వచ్చింది. ఆదివారం ధైర్యం చేసి గూడూరు దారిలో కొంత దూరం పోయి చూశాం. ఆయిల్ ఒత్తిడి చూపించే ముల్లు నిద్రొచ్చినవాడి తలలా వాలిపోయింది. ఇంకాస్త పోనిస్తే బేరింగులు మాడతాయని భాయ్ ఇంజన్ ఆపించాడు. తాడు కట్టి, వడ్ల బస్తాలు దించుకుని తిరిగి వస్తున్న ఎడ్లబండి వెనక మేము ఊరేగుతూ నెల్లూరు చేరాం. కాఫీ హోటలు ముందు ఎవరో "హేతువాదానికి రెండెద్దులు గావాలంట!" అని అరిచారు. భాయ్ నవ్వాడు. స్టీరింగ్ పట్టుకుని కూర్చున్న నేను కూడా నవ్వాను, ఇంకేం చేయను?

మంగళవారం తెల్లవారింది. మధ్యాహ్నం మొదట్లోనైనా బయలుదేరకపోతే ఆ పిల్ల మాట ఆమె నోట్లోనే ఉండిపోతుంది. నేను రాత్రంతా ఆలోచించి తేల్చుకున్న మాట ఒకటుంది. నల్లటి ఇంజన్ మీద నల్లటి ఆయిల్ కనబడదు. ఇంజన్‌ను కిరసనాయిలుతో కడిగి, బట్టతో తుడిచి, ఆరబెట్టి, ఒళ్లంతా తెల్లటి పొడి చల్లాలి. అప్పుడు ఆయిల్ ఎక్కడ పుడుతుందో తన దారి తనే గీసి చూపిస్తుంది. వంటింటి అరుగు మీద ఉన్న ముగ్గు డబ్బా అందుకున్నాను.

నా భార్య గడప దగ్గర నిలబడి చూసింది. "వాకిట్లో ముగ్గు దేనికని పోయిన నెల్లోనే గదండీ వ్యాసం రాసినారు? ఇప్పుడు ఇంజనుకా?"

"ఇది ప్రయోగం."

"నాదీ ప్రయోగమే. రోజూ పెడతా ఉన్నా. ఆ మూల సరిగ్గా పడలా, ఇట్టా తెండి." డబ్బా లాక్కుని, రెండువేళ్ల మధ్య పిండి జారవిడుస్తూ, నా కన్నా పదిరెట్లు పలచగా, సమంగా ఇంజన్ మొత్తం తనే చల్లింది. భాయ్ చేతులు కట్టుకుని మెచ్చుకుంటూ చూశాడు.

"సార్ ఇంజనుకు ఇబూది పూస్తా ఉండాడే!" అని వీధిలో కేక లేచింది. జనం మూగారు. నేను ఖండించబోయాను గానీ భాయ్ అప్పటికే ఇంజన్ తిప్పాడు.

తెల్లటి ఇంజన్ వణుకుతూ తిరుగుతోంది. మేం ముగ్గురం తలలు దగ్గరగా పెట్టి చూస్తున్నాం. ముందు సంపు అంచున సన్నటి నల్లగీత మొలిచింది. తర్వాత పక్క మూత కింద ఒకటి. తర్వాత పంపు దగ్గర. ఇంకా ఇంకా. ఎక్కడ అతుకు ఉంటే అక్కడ, ఒకదాని వెంట ఒకటి, ఎవరో లోపలి నుంచి నెడుతున్నట్టు.

"భాయ్, ఇన్ని ప్యాకింగులూ ఒకేసారి చెడవు. నువ్వు వేసినవే కదా ఇవి?"

"నేను వేసింది ఒకటి గూడా చెడదు సార్!" ఆయన గొప్ప ఈసారి సాక్ష్యంగా పనికొచ్చింది.

"అయితే తప్పు అతుకుల్లో లేదు. లోపల ఉంది."

భాయ్ కళ్లు పెద్దవయ్యాయి. ఇంజన్ తిరుగుతుండగానే ఆయిల్ మట్టం చూసే కడ్డీని సర్రున లాగాడు. ఆ రంధ్రంలోంచి బుస్సుమని వేడి ఆయిల్ లేచి ఆయన మీసం మీదా నా కళ్లద్దాల మీదా పడింది. "లోపల గాలి బిగబట్టింది సార్! ఊపిరాడక యాడ సందు దొరికితే ఆడ ఆయిలును కక్కతా ఉంది!"

ఇంజన్ ఆపాం. కళ్లద్దాలు తుడుచుకున్నాను. ఇంజన్ పక్కన వంగి పైకి లేచిన ఒక గొట్టం ఉంది. లోపలి పొగా గాలీ బయటికి పోవడానికి దానికి ఉన్న దారి అదొక్కటే. దాని మూతికి ఆయిల్ పట్టి నల్లబడ్డ గుడ్డ, పైన గట్టిగా చుట్టిన దారం. ఆ గుడ్డను నేను రోజూ చూస్తూనే ఉన్నాను. దుమ్ము పడకుండా భాయ్ కట్టాడనుకున్నాను.

"ఆ గుడ్డ తియ్యి భాయ్."

భాయ్ తియ్యలేదు. నా భార్య చేతులు కడుక్కోవడానికి లోపలికి పోయేదాకా ఆగి, గొంతు తగ్గించాడు. "అది వద్దు సార్. అమ్మగారిది."

"ఏ అమ్మగారిది?"

"మీ ఇంట్లో అమ్మగారిదే. ముడుపు సార్. మొదట్లో పచ్చగా ఉన్నింది. మీకు తెలిస్తే రచ్చ చేస్తారని చాటుగా కట్టుకోనుంటది పాపం. ఒకళ్ల మొక్కు మనం తియ్యగూడదు. నేను ఇన్నాళ్లూ దానికి రెంచి గూడా తగలకుండా పని చేసినా."

నేను కోపం తెచ్చుకునేలోగా లోపలి నుంచి నా భార్య గొంతు వచ్చింది. "నేనా? నేను కట్టదల్చుకుంటే చాటు దేనికి భాయ్? ఈయన ఎదురుగానే కడతా. దారం ఈయన చేతే పట్టిస్తా!"

భాయ్ నన్ను చూశాడు. నేను భాయ్‌ని చూశాను. ఆయన నా ఇంటి గుట్టును కాపాడాడు. నేను ఆయన పనితనాన్ని గౌరవించాను. ఇద్దరి మర్యాదా కలిసి ఇంజన్ గొంతు నొక్కింది. ముందు భాయ్ నవ్వాడు. తర్వాత నేను. గొట్టం ముందు ఇద్దరం పొట్టలు పట్టుకుని వంగిపోయాం.

దారం తెంచాడు. గుడ్డ మడతల్లోంచి పసుపు అంటిన రూపాయి బిళ్ల ఒకటి రాలింది. సరిగ్గా గొట్టం మూతికి మూత పెట్టినట్టు సరిపోయే బిళ్ల.

"గుడ్డే గదా, గాలి ఆడుద్దిలే అనుకున్నా. నడిమధ్యన రూపాయి ఉందని నాకేమన్నా కల వచ్చిందా సార్?" అన్నాడు భాయ్. కట్టిందెవరో తేల్చే తీరిక అప్పుడు లేదు.

ఇంజన్‌ను మళ్లీ తుడిచాం, మళ్లీ ముగ్గు చల్లాం, తిప్పాం. గొట్టం సన్నగా పొగ వదిలింది. ఎంతసేపు చూసినా ఒక్క గీత మొలవలేదు. తెల్లగా, పొడిగా, కొత్త సున్నం కొట్టిన గోడలా ఉంది ఇంజన్. నేను భాయ్‌ని ఎత్తుకుని నడివీధిలో గిర్రున తిప్పాను.

"ఇబూది పూసినాక కుదురుకునింది, చూసినారా?" అంది ఎదురింటి పెద్దమ్మ తృప్తిగా.

నేను నోరు తెరిచాను. నా భార్య నా చొక్కా పట్టుకుని లాగింది. "ముందు పెళ్ళికి పదండి. ఆమెను రేపు సంస్కరిద్దురు గానీ."

హెడ్మాస్టరు గారినీ నా భార్యనూ వెనక కూర్చోబెట్టుకుని బయలుదేరాం. తన ఇంజన్ వెంట తను రాకపోతే అది బెంగపెట్టుకుంటుందని భాయ్ నా పక్కన ఎక్కాడు. వడగాలి ముఖాన కొడుతోంది. ముల్లు నిటారుగా నిలబడింది. నేను పాడుతున్నాను. గూడూరు దాటి కోట దారి పట్టాం. అప్పుడు హెడ్మాస్టరు గారు గొంతు సవరించుకున్నారు.

"అబ్బాయ్, ఆ పక్క గొట్టానికి గుడ్డ... గట్టిగానే ఉంది గదా?"

నా పాట ఆగిపోయింది. భాయ్ మెల్లగా వెనక్కి తిరిగాడు. నా భార్య ముందు కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆ అడ్డమూ చాలక పకపకా నవ్వేసింది. మా ముగ్గురికీ కాక ఆ గుడ్డ సంగతి తెలిసి ఉండాల్సింది దాన్ని కట్టిన మనిషికే. జరిగిందంతా నేనే చెప్పాను. రూపాయి బిళ్ల దాకా చెప్పేసరికి ఆయన ముఖం పాలిపోయింది.

"కారు ఆపు," అన్నారు. తాటిచెట్ల మధ్య ఆపాను. "వెనక్కి తిప్పు. ఆ పిల్లకు ధైర్యం చెప్పే అర్హత నాకు లేదు."

"ఏ దేవుడికి కట్టినారు మాస్టారూ?" భాయ్ చాలా గౌరవంగా అడిగాడు.

"ఏ దేవుడికీ కాదయ్యా. బండి ఎక్కాలనుకోగానే ఆ జట్కా గుర్తొచ్చింది. మనసు వద్దంటానే ఉంది. చేతులు కట్టేసినాయి. చిన్నప్పుడు నేర్చిన ముడి."

రాహుకాలం అప్పటికే మొదలైంది. చెడు గడియ దాటిపోతుందేమోనని గడియారం చూసుకుని గుండెలు బాదుకున్నవాళ్లు ఆంధ్రదేశంలో మేము తప్ప ఇంకెవరూ ఉండరు. నేను భయం గురించీ అలవాటు గురించీ గొప్పగా మొదలుపెట్టాను. పదేళ్లుగా మేము వాదించింది జనం తలలతోనని, వాళ్ల చేతులను ఎవరూ పలకరించలేదని చెబుతున్నాను. ఆ మాట నాకే నచ్చి దాన్ని ఇంకా సాగదీస్తుంటే నా భార్య అడ్డుకుంది.

"మాస్టారూ, మీరు గుడ్డ కట్టినందుకు మా చెల్లెలు నోరు కట్టేసుకోని కూర్చోవాలనా? రండి. వచ్చి పందిట్లో ఈ మాటే చెప్పండి. అబద్ధం ఆడమని ఎవురూ అడగలా."

ఆయన కర్రను కాళ్ల మధ్య నిలబెట్టుకుని సీట్లో సర్దుకున్నారు. "పోనియ్," అన్నారు.

ఇసుక దారిలో ఎగిరి ఎగిరి పడుతూ ఊరు చేరేసరికి పురోహితుడు కాళ్లు కడుక్కుని సిద్ధమవుతున్నాడు. మా మామగారు వీధి మొగలో నిలబడి ఉన్నాడు. హెడ్మాస్టరు గారు మమ్మల్ని పట్టుకోనివ్వకుండా కర్ర ఊతంతో నేరుగా పందిట్లోకి నడిచారు. నమస్కారం పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పారు. భయం, గుడ్డ, రూపాయి, మడుగు. "ఇట్టాంటివాడి చేతిమీదుగా మీ బిడ్డ పెళ్ళి జరగడం ఇష్టం లేకుంటే ఇప్పుడే చెప్పండి," అన్నారు.

పందిట్లో అందరి కళ్లూ మా మామగారి మీదికి తిరిగాయి. మా మామగారికి ముందు భుజాలు కదిలాయి. ఆ తర్వాత కండువా నోట్లో కుక్కుకున్నా ఆగని నవ్వు. "మూడేళ్ల నుంచి మా అల్లుడి ఉపన్యాసాలు వింటా ఉన్నా మాస్టారూ. ఒక్కటీ నా చెవికెక్కలా. మీ మాట ఎక్కింది. కానీండి, కానీండి!"

ఆయన కానివ్వలేదు. భయాన్ని ఒప్పుకున్న ఊపులో ఆయనకు ప్రసంగం పొంగుకొచ్చింది. మనిషి చేతులకు ఉండే జ్ఞాపకం గురించి అందుకున్నారు. అద్భుతంగా మాట్లాడుతున్నారు. పురోహితుడు కూడా తలాడిస్తున్నాడు. గడియారం ముందుకు పోతోంది.

పెళ్ళికూతురు దండ పట్టుకుని లేచి నిలబడింది. "మాస్టారూ, రాహుకాలం అయిపోతా ఉంది!"

పందిరి గొల్లుమంది. ఆమె దండ పెళ్ళికొడుకు మెడలో వేసి, తలెత్తి, ప్రమాణం మొదలుపెట్టింది. మొదటి మాట వచ్చింది, రెండోది వచ్చింది. మూడో మాట దగ్గర నవ్వు అడ్డం పడి మరిచిపోయింది. అతనికి ఆమె మాటలు కూడా కంఠతా వచ్చినట్టున్నాయి, మెల్లగా అందించబోయాడు.

"నువ్వు చెప్పబాక. ఇది నా మాట," అంది. గొంతు సర్దుకుని, మళ్లీ మొదటి నుంచి, ఈసారి వెనక వరసలో ఉన్న ముసలమ్మలకు కూడా వినబడేటట్టు చెప్పడం మొదలుపెట్టింది.